టెస్‌లో కనిపించిన ఆ గుంట ఏ నక్షత్రానిది? హార్ట్‌బీట్ అనుకునే ముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా: గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. టెస్ ఉపగ్రహం డేటాలో 12.6 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) నక్షత్రం ఒకటి చూశాను. దాదాపు 6.3 రోజులకోసారి వెలుగు 2 శాతం తగ్గుతోంది, తగ్గిన వెంటనే చిన్న ఉబ్బు వస్తోంది. చూడటానికి ఈసీజీలా ఉంది. వేరియబుల్ నక్షత్రాల జాబితా వీఎస్ఎక్స్‌లో ఇది లేదు. ఏసాస్-ఎస్ఎన్ సర్వేలో చూస్తే ఏమీ తెలియడం లేదు. పక్కనే 30 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) దూరంలో 15.6 మాగ్నిట్యూడ్ నక్షత్రం ఒకటి ఉంది, దాని వల్ల ఇబ్బందా? ఇది కొత్త హార్ట్‌బీట్ నక్షత్రమేనా? నా దగ్గర టెలిస్కోపు లేదు.

సమాధానం:

అమ్మా, చివర్లో పక్క నక్షత్రం గురించి అడిగావు చూడు, అసలు ప్రశ్న అదే. హార్ట్‌బీటా, అంటే సాగిన కక్ష్యలో దగ్గరికొచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి లాగి వెలుగు మార్చుకునే జంటా, కాదా అన్నది తర్వాత. ముందు ఆ గుంట, అంటే గ్రాఫులో వెలుగు తగ్గిన చోటు, ఏ నక్షత్రానిదో తేలాలి. నేను విజయవాడలో ఫిజిక్స్ చెప్పుకుంటూ, రాత్రిళ్లు ఈ సర్వేల డేటా చూడటం మొదలుపెట్టి పన్నెండేళ్లవుతోంది. నా అనుభవంలో "కొత్తది, వింతది" అనిపించినవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోయాయి.

టెస్ కెమెరా లెన్సు చిన్నది, 10.5 సెంటీమీటర్లే. ఆకాశాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా చూడటానికి అలా చేశారు. అందుకే దాని ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్లు ఆక్రమిస్తుంది. నీ రెండు నక్షత్రాల మధ్య దూరం 30 ఆర్క్‌సెకన్లు, అంటే ఒకటిన్నర పిక్సెల్. నువ్వు గీసుకున్న గ్రాఫులో రెండింటి వెలుగూ కలిసిపోయి ఉంది.

"పక్కది మూడు మాగ్నిట్యూడ్లు మసక కదా, దాని వల్ల ఏమవుతుంది" అనిపిస్తుంది. లెక్క వేసి చూడు. మూడు మాగ్నిట్యూడ్లు అంటే వెలుగులో 15.8 రెట్ల తేడా. పెద్ద నక్షత్రం దగ్గర 100 రూపాయలుంటే చిన్నదాని దగ్గర 6 రూపాయల 30 పైసలు. కలిపితే 106.30. అందులో 2 శాతం తగ్గిందంటే 2 రూపాయల 13 పైసలు పోయాయి. అది పెద్దదాని జేబులోంచే పోయి ఉంటే చిన్న మార్పు. చిన్నదాని జేబులోంచి పోయి ఉంటే మాత్రం అది తన వెలుగులో మూడో వంతు కోల్పోయినట్టు, అంటే 0.45 మాగ్నిట్యూడ్ గ్రహణం. ఒక మామూలు గ్రహణ జంటకు, అంటే ఒకదాని ముందుకు ఒకటి వచ్చి వెలుగు అడ్డుకునే రెండు నక్షత్రాలకు, అది చాలా సహజమైన లోతు. కాబట్టి నీ 2 శాతం రెండింటిలో దేనికైనా సరిపోతుంది. గ్రాఫు ఆకారం చూసి ఏది అన్నది చెప్పలేం.

తేల్చడానికి దారి ఉంది, అదీ ఉచితంగా. మొదటిది టెస్ డేటాలోనే ఉంది. టెస్ ఫొటోల ముక్కలు ఇచ్చే టెస్‌కట్ నుంచి ఆ నక్షత్రం చుట్టూ 11×11 పిక్సెళ్ల ముక్క దించుకో. లైట్‌కర్వ్ అనే పైథాన్ ప్యాకేజీలో ఒక్కో పిక్సెల్‌కు విడిగా గ్రాఫు గీసే వీలుంది. గుంట ఏ పిక్సెల్‌లో అన్నిటికంటే లోతుగా ఉందో చూడు. పెద్ద నక్షత్రం నడిపిక్సెల్‌లో 2 శాతం ఉండి, పక్క నక్షత్రం వైపు పోతుంటే 4, 6 అని లోతు పెరుగుతుంటే గుంట పక్కదానిదే. ఇంకా బాగా తెలియాలంటే గుంటలో ఉన్నప్పటి ఫొటోల సగటు, గుంట బయట ఉన్నప్పటి ఫొటోల సగటు తీసి ఒకదాన్నుంచి ఒకటి తీసేయి. మిగిలిన బొమ్మలో మచ్చ ఎక్కడ పడిందో అక్కడే మారిన నక్షత్రం. కాలేజీ లాప్‌టాప్ నెమ్మదిగా ఉంటే ఇదంతా గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు.

రెండోది ఇంకో సర్వే కన్నుతో చూడటం. అమెరికాలో పాలోమార్ కొండ మీది 48 అంగుళాల టెలిస్కోపుతో జెడ్‌టీఎఫ్ సర్వే 2018 నుంచి నడుస్తోంది. దాని పిక్సెల్ ఒక ఆర్క్‌సెకను. నీ రెండు నక్షత్రాలూ అందులో స్పష్టంగా విడివిడిగా ఉంటాయి. పెద్దది 12.6 కాబట్టి జెడ్‌టీఎఫ్‌కు వెలుగు ఎక్కువై పిక్సెళ్లు నిండిపోతాయి, దాని కొలతలు నమ్మకు. 15.6 ఉన్న పక్కదానికి మాత్రం అది చక్కటి కొలతలు ఇస్తుంది. నీకు కావలసింది కూడా పక్కదాని డేటానే. అందులో 0.45 లోతు గుంటలుంటే కథ అక్కడితో తేలిపోతుంది. నక్షత్రం డిక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) మైనస్ 30 డిగ్రీల కంటే దక్షిణంగా ఉంటే మాత్రం జెడ్‌టీఎఫ్ దాన్ని చూడలేదు. అప్పుడు అట్లాస్ సర్వేలో వెతుకు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలామంది పిల్లలు ఇక్కడే "జెడ్‌టీఎఫ్‌లో ఏమీ లేదు సార్" అని ఆగిపోతారు. టెస్ ఒక సెక్టారు 27 రోజులు. అందులో నీకు నాలుగు గుంటలు దొరుకుతాయి. నాలుగు గుంటల నుంచి తీసిన పీరియడ్‌లో (ఒక చుట్టుకు పట్టే కాలంలో) 0.005 రోజు తప్పు ఉందనుకో, అంటే 7 నిమిషాలు. చిన్నదే అనిపిస్తుంది. కానీ జెడ్‌టీఎఫ్ డేటా ఏళ్ల తరబడి పరుచుకుని ఉంది. ఆరేళ్లలో దాదాపు 348 సార్లు తిరుగుతుంది ఆ జంట. 348ని 0.005తో గుణించు. పావు తక్కువ రెండు రోజులు తేడా వస్తుంది. ఆ పీరియడ్‌తో మడత పెడితే, అంటే చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి గీస్తే, గుంటలోని చుక్కలన్నీ గ్రాఫంతా చెల్లాచెదురై, గీత చదునుగా కనిపిస్తుంది. లేనందువల్ల కాదు, మడత సరిగ్గా పడనందువల్ల. అందుకని 6.28 నుంచి 6.32 దాకా చాలా చిన్న అడుగులతో వెతికించు. అలాంటి సన్న గుంటలకు బీఎల్ఎస్ అనే పద్ధతి వాడు. లోంబ్-స్కార్గల్ అలల్లా మారే నక్షత్రాలకు బాగుంటుంది, ఆరు రోజుల్లో నాలుగైదు గంటలు మాత్రమే మారే దానికి పనికిరాదు.

ఏసాస్-ఎస్ఎన్‌లో నీకేమీ కనిపించకపోవడానికీ కారణం ఇలాంటిదే. 12.6 దగ్గర ఆ సర్వే ఒక్కో కొలతలోనే సుమారు 2 శాతం ఊగిసలాట ఉంటుంది. 2 శాతం గుంట విడి చుక్కల్లో కంటికి ఆనదు. సరైన పీరియడ్‌తో మడిచి, పక్కపక్క చుక్కల సగటు తీస్తేనే లీలగా తేలుతుంది. దాని పిక్సెల్ 8 ఆర్క్‌సెకన్లు కాబట్టి 30 ఆర్క్‌సెకన్ల దూరంలోని పక్క నక్షత్రాన్ని కూడా విడిగా అడగొచ్చు, అడుగు.

పీరియడ్ గురించి ఇంకో అనుమానం కూడా తీర్చుకో. 6.3 అసలు పీరియడ్ కాకపోవచ్చు. రెండు దాదాపు ఒకే రకం నక్షత్రాలైతే ఒక చుట్టులో రెండు గ్రహణాలూ దాదాపు ఒకే లోతులో వస్తాయి. అప్పుడు అసలు పీరియడ్ 12.6 రోజులు. సరి గుంటలు ఒక కుప్ప, బేసి గుంటలు ఒక కుప్ప చేసి, ఒకదాని మీద ఒకటి గీసి చూడు. లోతులో కాస్త తేడా ఉన్నా అది జంట అని ఖాయమైపోతుంది.

ఇక ఆ ఉబ్బు. నువ్వు వాడిన కోడ్ రాయలేదు కానీ "ఫ్లాటెన్" చేసి ఉంటావు, అంటే నెమ్మదిగా జరిగే మార్పులు వడపోసి గీతను చదును చేయడం, అందరూ చేస్తారు. లైట్‌కర్వ్ ప్యాకేజీలో ఆ ఫంక్షన్ తనంతట తాను 101 చుక్కల కిటికీ తీసుకుంటుంది. టెస్ పూర్తి ఫొటోలు మొదట్లో 30 నిమిషాలకొకటి వచ్చేవి, తర్వాత 10 నిమిషాలకు, ఇప్పుడు 200 సెకన్లకు ఒకటి. 200 సెకన్ల డేటా మీద 101 చుక్కలంటే 5.6 గంటలే. నీ గ్రహణం ఐదు గంటలుంటే ఆ వడపోత గ్రహణాన్నే నక్షత్రం స్వభావం అనుకుని సవరించేస్తుంది. దాంతో గుంట పక్కల లేని భుజాలు లేస్తాయి. పరీక్ష తేలిక. గుంటల్ని మాస్క్ చేసి, కిటికీ రెండు మూడు రోజులంత వెడల్పు చేసి మళ్లీ గీయి. ఉబ్బు పోతే అది నీ కోడ్ పెట్టిన ఉబ్బు. అసలు వడపోత లేని ముడి వెలుగు కూడా ఒకసారి తప్పకుండా చూడు. ఉపగ్రహం 13.7 రోజుల కక్ష్యలో తిరుగుతుంది కాబట్టి భూమి, చంద్రుడి వెలుగు కెమెరాలోకి చిందే రోజులుంటాయి. ఉబ్బు ఆ రోజుల్లోనే పడిందా, అన్ని చుట్లలోనూ పడిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

అయితే వడపోత భుజాలు మామూలుగా గుంటకు రెండు పక్కలా వస్తాయి. నీకు ఒక పక్కే వస్తోందంటున్నావు. అందుకే నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం లేదు.

ఒకే పక్క ఉబ్బు నిజంగా ఉంటే హార్ట్‌బీట్ గురించి మాట్లాడుకోవచ్చు. రెండు నక్షత్రాలు బాగా సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో తిరుగుతుంటాయి. చుట్టులో ఎక్కువ భాగం దూరంగా ఉంటాయి, వెలుగు నిలకడగా ఉంటుంది. దగ్గరికొచ్చిన కొన్ని గంటలు మాత్రం ఒకదాన్ని ఒకటి లాగి ఆకారం సాగదీసుకుంటాయి. ఆ సాగిన ఆకారం మనవైపు ఏ కోణంలో ఉందన్నదాన్ని బట్టి వెలుగు పెరగొచ్చు, తగ్గొచ్చు, తగ్గి పెరగొచ్చు. కెప్లర్ ఉపగ్రహం డేటాలో 2011లో వెల్లడైన కేఓఐ-54 దీనికి పేరుపొందిన ఉదాహరణ. 41.8 రోజుల పీరియడ్, కక్ష్య సాగుదల 0.83. దగ్గరికొచ్చినప్పుడు వెలుగు 0.7 శాతం పెరుగుతుంది. అంతేకాదు, ఆ లాగుడుకు నక్షత్రం గంటలా మోగుతూనే ఉంటుంది. కక్ష్య ఒక చుట్టు తిరిగేలోగా సరిగ్గా 90 సార్లు, 91 సార్లు ఊగే రెండు కంపనాలు అందులో దొరికాయి. మొదటిసారి ఆ గ్రాఫు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నీ గ్రాఫులో గుంటల మధ్య ఉన్న చదును భాగాన్ని కూడా అందుకే వదిలిపెట్టకు. అక్కడ కక్ష్యకు పూర్ణ సంఖ్య రెట్లలో సన్నటి అలలుంటే, హార్ట్‌బీట్‌కు అంతకంటే బలమైన సాక్ష్యం గ్రాఫులో దొరకదు.

కానీ లోతు గురించి ఆలోచించు. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో హార్ట్‌బీట్ మార్పు మామూలుగా వెయ్యింట ఒకటి, దానికి అటూ ఇటూ. 2 శాతం చాలా పెద్దది. అంత పెద్ద మార్పు రావాలంటే నక్షత్రం బాగా వేడిదో, బాగా ఉబ్బినదో అయి ఉండాలి. ఓగిల్ సర్వే 2022లో దాదాపు వెయ్యి హార్ట్‌బీట్ నక్షత్రాల జాబితా ఇస్తే, వాటిలో ఎక్కువ ఉబ్బిన ఎర్ర నక్షత్రాలున్న జంటలే. పెద్ద మాగెల్లాన్ మేఘంలో (మన పక్కనున్న చిన్న గెలాక్సీ) ఒక భారీ జంట ఉంది, 32.8 రోజుల పీరియడ్. దాని వెలుగు దాదాపు 20 శాతం మారుతుంది. పాత సర్వే దాన్ని మామూలు గ్రహణ జంటగా రాసిపెట్టింది. 2019లో ఏసాస్-ఎస్ఎన్, టెస్ డేటా కలిపి చూసినప్పుడు హార్ట్‌బీట్ అని తేలింది.

నీది ఏ రకమో నక్షత్రాల దూరాలు కొలిచిన గయా ఉపగ్రహం డేటా చెబుతుంది. గయా మూడో డేటా విడుదల డీఆర్3లో ఆ నక్షత్రం పారలాక్స్ (దూరం లెక్కకట్టే కోణం, తగ్గేకొద్దీ దూరం ఎక్కువ) చూడు. 2 మిల్లీ ఆర్క్‌సెకన్లు ఉందనుకో, దూరం 500 పార్సెక్‌లు, దూరం ప్రభావం తీసేస్తే మిగిలే అసలు మాగ్నిట్యూడ్ 4.1 వస్తుంది. అది సూర్యుడి కంటే కొంచెమే వెలుగైనది. అలాంటి నక్షత్రం 2 శాతం హార్ట్‌బీట్ చూపించడం కష్టం. నేనైతే నేరుగా గ్రహణం వైపు వెళ్తాను. పారలాక్స్ 0.25 ఉంటే దూరం 4000 పార్సెక్‌లు, అసలు మాగ్నిట్యూడ్ మైనస్ 0.4. అప్పుడు నీ అనుమానానికి బలం వస్తుంది. ఈ ఒక్క సంఖ్య చూడటానికి ఐదు నిమిషాలు చాలు, ముందు అదే చెయ్యి.

ఒకవేళ గుంట పక్కదానిదేనని తేలితే నిరాశ పడకు. 15.6 మాగ్నిట్యూడ్ దగ్గర 0.45 లోతు గ్రహణం ఏ జాబితాలోనూ లేకపోతే అది నీ కొత్త నక్షత్రమే. కాకపోతే వీఎస్ఎక్స్ ఒక్కటే చూసి కొత్తది అనుకోకూడదు. గయా డీఆర్3లో గ్రహణ జంటల జాబితా ఒక్కటే 21 లక్షల 80 వేల పైచిలుకు. అది 2022 జూన్‌లో వచ్చింది. కేటలాగ్‌లన్నీ ఒకచోట వెతికే వీజియర్‌లో ఆ నక్షత్రం కోఆర్డినేట్లు ఇచ్చి చుట్టూ 5 ఆర్క్‌సెకన్ల లోపల ఏ కేటలాగ్‌లో ఏ పేరుతో ఉందో మొత్తం చూడు. ఆ ఉబ్బు కూడా పక్కదానిదే అయితే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పాతిక పైసలంత ఉబ్బు, అంటే నీ గ్రాఫులో పావు శాతం, దాని సొంత వెలుగులో 4 శాతం అవుతుంది. అది చిన్న సంగతి కాదు.

ఇంత పట్టుబట్టి పక్క నక్షత్రం గురించి ఎందుకు చెబుతున్నానంటే, 2020 లాక్‌డౌన్‌లో నేను సరిగ్గా ఇలాంటి గ్రాఫుతోనే మూడు నెలలు గడిపాను. గుణదలలో మా డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఆ ఉబ్బుకు మోడల్ మీద మోడల్ సరిపెట్టాను. కక్ష్య సాగుదల, కోణం అన్నీ లెక్క కట్టాను. బాగా సరిపోయాయి కూడా. తర్వాత అనుభవజ్ఞుడైన ఒక పరిశీలకుడికి పంపితే ఆయన ఒకే ఒక్క బొమ్మ తిరిగి పంపారు, పక్క నక్షత్రం మడత గ్రాఫు. 40 ఆర్క్‌సెకన్ల అవతల ఉన్న ఒక గ్రహణ జంట అది. నా కొలతలు తప్పు కాదు, లెక్కలు తప్పు కాదు, నక్షత్రమే తప్పు. ఆ రోజు నుంచి ఏ గ్రాఫు తీసినా మొదటి పని పక్కవాటిని చూడటం. ఆకారం మోడల్‌కు సరిపోవడం వేరు, ఆకారం ఆ నక్షత్రానిదే కావడం వేరు. ఈ రెండోది మోడల్ చెప్పలేదు.

టైము గురించి ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. వేర్వేరు సర్వేలు కలిపేటప్పుడు టైము లెక్క ఒక్కొక్కటి ఒక్కో రకం. టెస్ ఇచ్చే సంఖ్యకు 2457000 కలిపితే బీజేడీ (సౌరకుటుంబం గురుత్వ కేంద్రం లెక్కన జూలియన్ రోజు) వస్తుంది. ఏసాస్-ఎస్ఎన్ హెచ్‌జేడీ (సూర్యుడి లెక్కన జూలియన్ రోజు) ఇస్తుంది. ఎంజేడీ (కుదించిన జూలియన్ రోజు) ఇచ్చేవాటికి 2400000.5 కలపాలి. ఆ చివరి సగం రోజు మర్చిపోతే నీ గ్రహణం 12 గంటలు జరిగిపోతుంది. జూలియన్ రోజు యూటీ ప్రకారం మధ్యాహ్నం మారుతుంది, అంటే మన లెక్కలో సాయంత్రం ఐదున్నరకు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వెలుగు రాకలో 8 నిమిషాల పైచిలుకు అటూ ఇటూ వస్తుంది, అందుకే ఈ సవరణలన్నీ.

12 గంటలే కదా అనుకుంటావేమో. కేఐసీ 9832227 అనే జంట 11 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. దాని పీరియడ్ తగ్గిపోతోందనీ, 2022 ప్రాంతంలో రెండూ ఢీకొని ఒకటై ఆకాశంలో కంటికి కనిపించేంత వెలుగుతాయనీ 2017లో ప్రకటన వచ్చింది. ప్రపంచమంతా పత్రికల్లో రాశారు. 2018లో ఇంకో బృందం పాత డేటా తిరగేస్తే, 1999 నాటి ఒక గ్రహణం టైము పాత ప్రచురణలో సరిగ్గా 12 గంటలు తప్పు పడిందని బయటపడింది. అది సవరిస్తే ఆ జోస్యమే లేకుండా పోయింది. ముందు ప్రకటించిన బృందం ఆ సవరణను హుందాగా ఒప్పుకుంది. ఆ తప్పు పట్టుకున్న పని కొత్త నక్షత్రం కనిపెట్టడానికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

నిజంగా అలా కలిసిపోయిన జంట ఒకటి ఉంది, వృశ్చిక రాశిలో వీ1309 స్కార్పియై. 2008 సెప్టెంబరులో హఠాత్తుగా భగ్గుమంది. అప్పుడు ఓగిల్ వాళ్ల పాత డేటా తీసి చూస్తే, 2002 నుంచే అది 1.4 రోజుల పీరియడ్‌తో తిరిగే, ఒకదాన్నొకటి అంటుకున్న జంట అని, ఆ పీరియడ్ ఏటికేడాది తగ్గుతూ వచ్చిందని కనిపించింది. డేటా ఆరేళ్లుగా అక్కడే ఉంది, ఎవరూ ఆ నక్షత్రాన్ని ఆ కోణంలో తెరవలేదు.

వింత జంటలు ఎక్కడ వెతకాలి అని కూడా నీ మనసులో ఉంటుంది, అడగకపోయినా. జాబితాలో లేనివాటిలోనే వెతకాలని లేదు. జాబితాలో తప్పు పేరుతో కూర్చున్నవాటిలో ఇంకా మంచివి ఉన్నాయి. ఏఆర్ స్కార్పియై సంగతి చూడు. 1970ల మొదట్లోనే అది మారే నక్షత్రమని తెలుసు. ఒంటరిగా ఊగే (ఉబ్బుతూ, కుంచించుకుంటూ మారే) మామూలు రకం అని ముద్ర వేసి వదిలేశారు. నలభై ఏళ్లు అలాగే ఉంది. 2015 మేలో జర్మనీ, బెల్జియం, బ్రిటన్‌లకు చెందిన ఔత్సాహికులు కొందరు దాని తీరు ఆ ముద్రకు పొసగడం లేదని గమనించారు. పెద్ద టెలిస్కోపులు తిప్పి చూస్తే, 3.6 గంటల్లో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే తెల్ల మరుగుజ్జు, ఎర్ర మరుగుజ్జు. తెల్లది వేగంగా తిరుగుతూ తన కిరణాల కొరడాతో ఎర్రదాన్ని కొడుతుంటే, ఆ జంట మొత్తం 1.97 నిమిషాలకోసారి మిణుకుమంటోంది. పల్సార్ లాగా ప్రవర్తించే తెల్ల మరుగుజ్జు అలా మొదటిసారి 2016లో బయటపడింది. మనకు 380 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది.

అందుకని నేను చేసే పని ఇది. సర్వే ఒక నక్షత్రానికి ఇచ్చిన ముద్ర తీసుకుంటాను, గయా ఇచ్చిన రంగు, అసలు వెలుగు పక్కన పెడతాను. రెండూ పొసగకపోతే ఆ నక్షత్రం దగ్గర ఆగుతాను. ఆర్ఆర్ లైరే (ఊగే నక్షత్రాల్లో బాగా వెలుగైన ఒక రకం) అని రాసి ఉండి, అసలు మాగ్నిట్యూడ్ 4 ఉందనుకో, అది ఆర్ఆర్ లైరే కాదు, పీరియడ్‌ను రెట్టింపు చేస్తే అంటుకున్న జంట అవుతుంది. ఊగే నక్షత్రం నీలి ఫిల్టర్‌లో ఎక్కువ మారుతుంది, అంటుకున్న జంట అన్ని రంగుల్లో దాదాపు ఒకేలా మారుతుంది. జెడ్‌టీఎఫ్ జీ, ఆర్ ఫిల్టర్లు రెండూ ఇస్తుంది కాబట్టి ఇది ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

ఇంకోటి, పాతబడిపోయాయని వదిలేసిన గ్రహణ జంటల లోతు మారుతోందేమో చూడటం. హెచ్ఎస్ హైడ్రే అనే జంటను 1960లలో గుర్తించారు. మూడో నక్షత్రం లాగుడుకు దాని కక్ష్య తిరిగిపోయి గ్రహణాలు ఏటేటా పలచబడ్డాయి. టెస్ చూసేసరికి దాదాపు మాయమయ్యాయి, 2021తో ఆగిపోతాయని లెక్క తేలింది. ఎస్ఎస్ లాసెర్టే గ్రహణాలైతే గత శతాబ్దం మధ్యలోనే ఆగిపోయాయి. ఇలాంటివి పట్టుకోవడానికి కావలసింది పాత సర్వే, కొత్త సర్వే పక్కపక్కన పెట్టే ఓపిక మాత్రమే.

టెలిస్కోపు లేదని బాధపడ్డావు. ఉస్మానియా వాళ్లు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో గ్రహణ జంటల మీద ఏళ్ల తరబడి పని చేశారు. ఒక జంట పూర్తి గ్రాఫు రావడానికి ఎన్నో రాత్రులు కూర్చోవాలి. ఇవాళ నీ చేతిలో ఆకాశమంతటి డేటా ఉంది. పైగా మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బే. టెలిస్కోపు కొన్నా ఆ నాలుగైదు నెలలు అది బట్ట కప్పుకుని ఉంటుంది.

అయినా ఒక గ్రహణం నీ కళ్లతో చూడు, గ్రాఫుల మీద నీ నమ్మకమే మారిపోతుంది. డిసెంబరు సాయంత్రాల్లో పర్సియస్ రాశిలో ఆల్గాల్ అనే గ్రహణ జంట గుంటూరు డాబా మీద నుంచి కూడా బాగా ఎత్తులో కనిపిస్తుంది. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి 2.1 నుంచి 3.4కు తగ్గుతుంది. మొత్తం పది గంటలు పడుతుంది, మన రాత్రిలో పడే గ్రహణం టైము ముందే చూసి పెట్టుకోవాలి. పోల్చడానికి పక్కన గామా ఆండ్రోమెడే 2.1, ఎప్సిలాన్ పర్సియై 2.9 ఉన్నాయి. నేను మొదటిసారి చూసినప్పుడు రాత్రి ఎనిమిదికి ఆల్గాల్ గామాతో సమానంగా ఉంది. పదకొండున్నరకు పాలు పొయ్యి మీద పెట్టి మళ్లీ పైకొచ్చి చూస్తే ఎప్సిలాన్ కంటే మసకగా ఉంది. కింద పాలు పొంగిపోయాయి. నేను మాత్రం అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఇంగ్లండు పరిశీలకుడు జాన్ గుడ్రిక్ 1783లో దాని పీరియడ్ లెక్కకట్టి చెప్పినప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు, దాదాపు నీ ఈడే. ఆయనకూ కళ్లే ఆధారం.

ఈ వారం పని ఇలా పెట్టుకో. ఇవాళ గయాలో రెండు నక్షత్రాల పారలాక్స్ చూడు. రేపు పిక్సెల్ గ్రాఫులు. ఆదివారం తీరిగ్గా కూర్చుని పక్కదాని జెడ్‌టీఎఫ్ డేటా దించి 6.28 నుంచి 6.32 మధ్య వెతికించు, ఆపైన 12.56 నుంచి 12.64 మధ్య కూడా. వడపోత మార్చి గీసిన గ్రాఫు ఒకటి, వడపోత లేని ముడి గ్రాఫు ఒకటి, పక్కదాని మడత గ్రాఫు ఒకటి, ఈ మూడు బొమ్మలు ఇక్కడే పెట్టు. వీఎస్ఎక్స్‌కు పంపడం గురించి టెన్షన్ వద్దు. ఉచితంగా ఖాతా తెరిచి కోఆర్డినేట్లు, పీరియడ్, కనిష్ఠ వెలుగు టైము, గ్రాఫు ఇస్తే వాళ్లే పరిశీలించి తప్పులుంటే చెబుతారు. కానీ గుంట ఏ నక్షత్రానిదో నీకు నువ్వుగా తేల్చుకున్న తర్వాతే పంపు. ఆదివారం రాత్రి చూస్తుంటాను, బొమ్మలు పెట్టు.